చిట్టెమ్మ కోపానికి సరిపడే మూత

ఆసిమ్ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, డబ్బాల్ని పలకరిస్తాడు. వంటింటి గట్టు మీద పప్పు డబ్బా కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే అటు పోతుంది. మూత తీస్తాడు, వేస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తీస్తాడు. ఒకసారి దూరపు చుట్టం పోయాడని పరామర్శకి వెళ్ళాడు. అక్కడ బిస్కెట్లు పెట్టిన డబ్బాకి మడత బందు కొత్త రకంగా ఉందని, జనం ఏడుస్తున్నంతసేపూ దాన్ని టక్కు టక్కుమని ఆడిస్తూ కూర్చున్నాడు. తల్లి సర్దార్ బీ తొడపాశం పెట్టాక గానీ ఆపలేదు. బయటికొచ్చాక పోయినాయన గురించి ఒక్క ముక్క అనలేదు గానీ, "ఆ బందు ఎక్కువ రోజులు బతకదమ్మీ" అని మాత్రం నిజంగా బాధపడ్డాడు.

తండ్రి అహ్మద్ వన్‌టౌన్‌లో రేకు ట్రంకు పెట్టెలు చేసేవాడు. "మాది రెండు తరాలుగా మూతలేసే కుటుంబం" అని ఆసిమ్ పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళకి చెప్పుకుంటాడు. అణకువ అనేది ఆ ఇంటి గడప తొక్కలేదు. తొక్కినా సర్దార్ బీ బయటికి తోలేసేది.

ఆసిమ్ పని ఆటోనగర్‌లో, తిరుమలరావు ఫ్యాక్టరీలో. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక రేకుల షెడ్డు, కరిగిన ప్లాస్టిక్‌ని ఉక్కు అచ్చుల్లోకి కక్కే రెండు మిషన్లు, ఎప్పుడూ తిరగని ఒక ఫ్యాను. ఆ ఉక్కు అచ్చులు చెక్కేది ఆసిమ్. కుర్రతనంలో ఇద్దరూ ఒకే చోట కూలికి చేరారు కాబట్టి, తిరుమలరావు యజమాని అయ్యాక కూడా "బావా" అనే పిలుపు పోలేదు. పోనిది ఇంకోటి కూడా ఉంది. బజార్లో ఏ డబ్బా అమ్ముడుపోతే దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, "దీన్ని దింపీ బావా" అనే అలవాటు. ఆసిమ్ దింపేవాడు. మరీ మక్కికి మక్కి అంటే గొడవలొస్తాయని మూత మీద పువ్వు మాత్రం మార్చేవాడు. ఆరు రెక్కలుంటే ఐదు చేసేవాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆసిమ్ చేసిన సొంత డిజైన్ ఏదంటే, ఒక రెక్క పీకెయ్యడమే.

అది లోపల దొలిచేసేది. ఏ కొట్లోకి వెళ్ళినా తన చేతి డబ్బాలు వరసగా కనిపించేవి, వాటిలో తనది అనదగ్గది ఒక్కటీ ఉండేది కాదు. చచ్చేలోగా ఒక్క మూతైనా, దొంగిలించనిది, తన బుర్రలోంచి పుట్టింది చెయ్యాలని ఉండేది. ఈ మాట భార్య ఫాయిజాకి చెబితే, "ముందు మన బాత్రూమ్ తలుపు గొళ్ళెం చూడు" అంది.

అలాంటప్పుడు జాలరిపేట నుంచి చిట్టెమ్మ వచ్చింది. ఆమె చేపలు అమ్మే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. గొంతు ఎలాంటిదంటే, మిషన్లు రెండూ తిరుగుతుంటే కూడా ఆమె మాటే వినిపించింది.

"సేపల గంపతో ఆటో ఎక్కితే జనం ముక్కులు మూసుకుంతన్నారు బాబూ. నీళ్ళు కారతన్నాయని డ్రైవర్లు దింపేత్తన్నారు. మూత ఉన్న పెట్టి కావాల. ఐసు ఎయ్యాల, వాసన రాకూడదు, సుక్క కారకూడదు. మాకందరికీ కావాల."

తిరుమలరావు ఏ కంపెనీ ఐసు పెట్టెని దింపాలా అని అప్పుడే ఫోన్లో వెతుకుతున్నాడు. ఆసిమ్ ఆ ఫోన్ లాక్కున్నాడు.

"ఇది నాకొగ్గేయ్ బావా. నా సొంతంగా సేత్తాను."

"నువ్వా? ఏటి, పువ్వుకి రెక్క తగ్గిత్తావా?"

ఆ మాట గుచ్చుకుంది. చాలాసేపు వాదించుకున్నాక తిరుమలరావు ఒక షరతు పెట్టాడు. పెట్టె ఆడవాళ్ళకి నచ్చితే సరే. నచ్చకపోతే ఆ ఉక్కు దిమ్మని గీకి బాత్రూమ్ మగ్గు అచ్చు చెయ్యాలి, ఇక బతికున్నంతకాలం ఆసిమ్ నోట సొంత డిజైన్ అనే మాట రాకూడదు. ఆసిమ్ ఒప్పుకున్నాడు. 

మొదటి పెట్టె నిజంగానే అందగత్తె. మూతకి వెనక మడత బందు, లోపల చుట్టూ రబ్బరు పట్టీ, రెండు పక్కలా రెండు క్లిప్పులు. నొక్కితే ఇటు టిక్కు, అటు టిక్కు. ఆసిమ్ దాన్నిండా నీళ్ళు నింపి, తిరుమలరావు బల్ల మీద కాగితాల పైన తలకిందులుగా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిరుమలరావు కెవ్వుమన్నాడు గానీ ఒక్క చుక్క రాలలేదు. ఆ సాయంత్రం ఇంట్లో బిర్యానీ చేయించుకున్నాడు ఆసిమ్. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ పెట్టెకి తన పేరు పెట్టాలా, తండ్రి పేరు పెట్టాలా అని తింటున్నంతసేపూ ఆలోచించాడు.

అలాంటివే కొన్ని చేసి సంఘంలో ఆడవాళ్ళకి వాడి చూడమని ఇచ్చారు. వారం తిరక్కుండా అవన్నీ వెనక్కి వచ్చాయి. ఒకదానికి బందు ఊడింది, ఒకదానికి క్లిప్పు లేదు. ఇంకోటి వల తాడుతో కట్టేసి ఉంది, అందులో ఎవరో బియ్యం పోసుకున్నట్టున్నారు, అడుగున నాలుగు గింజలు కూడా ఉన్నాయి. చిట్టెమ్మ మళ్ళీ పాత గంపతోనే వచ్చి, తన పెట్టెని గుమ్మంలో పడేసింది.

"మూత ఎయ్యడం రాదా మీకు?" అని అరిచాడు ఆసిమ్. "మెల్లగా నొక్కాల అక్కా! పసిగుంటకి బొత్తాం పెట్టినట్టు!"

"మెల్లగానా?" అంది చిట్టెమ్మ. తర్వాత పెద్దగా నవ్వింది. "రేపు పొద్దున్న మద్దిలపాలెం ఒచ్చీ సాయిబూ. మూత ఎలగ ఏత్తారో నాను సూపిత్తాను."

మర్నాడు ఆసిమ్ మద్దిలపాలెం బస్సు డిపో వెనక వీధిలో, ఒక గోడ పక్కన నిలబడ్డాడు. నిన్న ఫ్యాక్టరీ నుంచి విరగని పెట్టె ఒకటి వెనక్కి తీసుకెళ్ళి, చిట్టెమ్మ దాంట్లోనే చేపలు తెచ్చింది, అతను చూడాలనే. మొదటి గుమ్మంలోకి రోజారమణి అనే ఆవిడ నైటీ మీద తువ్వాలు వేసుకుని వచ్చింది. కానాగంత చేపల మొప్పలు ఎత్తి చూసింది, పెదవి విరిచింది, ఇవి ఎప్పటివో అంది, సగానికి అడిగింది. ఇదంతా పూజకి ముందు మంత్రాల్లాంటిది, ఇద్దరికీ తెలుసు. అప్పుడు అమ్మేవాళ్ళు చెయ్యాల్సిన పని ఒకటుంది. గంప మీద సిల్వర్ పళ్ళేన్ని ధన్‌మని వెయ్యాలి. "కొనే మొకాలేనా ఇవి" అన్నట్టు చూసి, గంప నెత్తికెత్తుకుని, వీధి మలుపు వైపు నడవాలి. మలుపు తిరిగేలోగా వెనక నుంచి పిలుపు రావాలి. వస్తుంది. జాలరిపేట ఆడవాళ్ళు తరతరాలుగా ఆ ధన్‌ మీదే పిల్లల్ని పెంచారు.

చిట్టెమ్మ కోపంగా పెట్టె మూత వేసింది. రబ్బరు పట్టీ మెత్తగా పుస్సుమంది. మూత కాస్త పైకి లేచింది. ఆమె కుడి క్లిప్పు నొక్కింది, టిక్కు. ఎడమది నొక్కింది, పడలేదు. చేపల జిగురుకి వేలు జారింది. వంగి, రెండు చేతులా పట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని మళ్ళీ నొక్కింది. రోజారమణి ఆసక్తిగా చూసి, "ఆ పక్కన చూడు, ఆ పక్కన పట్టలేదు" అని సాయం కూడా చేసింది. ఇక కోపం ఎక్కడిది? చిట్టెమ్మ సగానికే ఇచ్చేసింది.

"సూసినావా?" అంది గోడ దగ్గరికొచ్చి. "నీ పెట్టి మంచిదే. సుక్క కారలేదు. కానీ మూత ఏసేతలికి నా కోపం సల్లారిపోతంది. నాకే నవ్వొత్తంది. కోపం నేకుండా సేపలెలగ అమ్ముతాను నాను?"

ఆసిమ్ వంగి తన మూతని తనే వేసి చూశాడు. పుస్సుమంది. మూత అంటే మూసి ఉంచేది అనుకున్నాడు ఇన్నాళ్ళూ. మూత ఒక మాట కూడా అనాలని అతనికి ఎవరూ చెప్పలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఆటోనగర్ చేరేసరికి పట్టుదలగా మారింది.

తిరుమలరావు అప్పటికే మగ్గు నమూనా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ మగ్గు. దాని మీద పువ్వు కూడా ఉంది.

"ఈ ఆదివారం దాకా ఆగు బావా," అన్నాడు ఆసిమ్. "ఆ తర్వాత నువ్వు సెప్పిన మగ్గే సేత్తాను."

"ఏటి సేత్తావ్ ఆదివారంలోగా?"

"ధన్‌మనిపిత్తాను."

తిరుమలరావుకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ ముఖం చూసి మగ్గుని బల్ల కిందికి తోసేశాడు.

ఈసారి ఆసిమ్ పక్క క్లిప్పులు రెండూ పీకేశాడు. వెనక బందుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా స్టీలు ఊచ దూర్చాడు, ఎంత విసిరి కొట్టినా ఊడకుండా. ముందు వైపు ఒకే ఒక్క నాలుక పెట్టాడు, ఏటవాలుగా. మూత పడితే అదే జారి కొక్కెంలో కూర్చుంటుంది, బొటనవేలితో ఎత్తితే ఒంటి చేత్తో వస్తుంది. అక్కడి దాకా బాగానే ఉంది. పేచీ రబ్బరు పట్టీతో వచ్చింది. పట్టీ ఉంటే చప్పుడు పుస్సు. తీసేస్తే చప్పుడు ధన్, కానీ నీళ్ళు కారతాయి. చప్పుడా, చుక్కా? ముందు నుయ్యి వెనక గొయ్యి.

నమూనా ఇంటికి తెచ్చుకుని కూర్చున్నాడు. పట్టీని ఇటు జరిపి వేస్తాడు, ధబ్. అటు జరిపి వేస్తాడు, దడ్. కాసేపటికి పై వాటాలో ఉండే పైడితల్లి కంగారుగా దిగొచ్చింది. మొగుడూ పెళ్ళాలు సామాన్లు విసురుకుంటున్నారనుకుంది పాపం. "ఏటమ్మా ఫాయిజా, మాటలతో పోయేదానికి ఇంత గొడవేల?" అని తీర్పు చెప్పడానికి కూర్చుంది. ఫాయిజా ఆమెకి టీ ఇచ్చి, "కొట్టుకున్నా బాగుండేదక్కా" అంది.

తస్బీహ్ పూసలు తిప్పుకుంటున్న సర్దార్ బీ కళ్ళు తెరవకుండానే, "మీ అబ్బా చేసిన ట్రంకు మోగినట్టు మోగట్లేదురా. నీ మూత దగ్గుతోంది" అంది. ఆసిమ్ ఆ మూతని మళ్ళీ మళ్ళీ వేసి విన్నాడు. నిజమే, దగ్గుతోంది. అంచు అంచుకి తగలాల్సిన చోట రబ్బరు అడ్డం వస్తోంది. పట్టీని అంచు మీంచి తీసి, లోపలి గోడకి కాస్త కిందుగా గాడి చెక్కి అందులో కూర్చోబెట్టాడు. ఇప్పుడు పైన ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ని కొడుతుంది, కింద రబ్బరు నీళ్ళని ఆపుతుంది. మూత లోపల బలానికి పెట్టిన అడ్డ గట్లు కొన్ని తీసేసి, డోలులా బోలుగా వదిలాడు.

వేశాడు. ధన్. పైడితల్లి చేతిలో టీ ఒలికింది.

శనివారం చిట్టెమ్మ ఫ్యాక్టరీకొచ్చి పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. మూత ఒకసారి వేసింది. మిషన్ల దగ్గర వాళ్ళంతా తలలు తిప్పారు. 

"ఇక్కడేటి తెలుత్తాది," అంది ఆమె. "బేరం నేకుండా కోపం ఎక్కడినుంచి తెత్తాను? తీసుకెల్తాను. నచ్చకపోతే రేపే తెచ్చి మీ మొకాన కొడతాను."

తిరుమలరావు బల్ల కింద కాలితో మగ్గుని వెతుక్కుంటున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆసిమ్ మద్దిలపాలెం వెళ్ళాడు. చూసి రావడానికే. కానీ బయల్దేరేటప్పుడు సర్దార్ బీ వంజరం చేప తెమ్మంది, చిట్టెమ్మ పెట్టెలో ఐసు మీద వెండి కడ్డీలాంటి వంజరం ఉంది, ఇక ఆసిమ్ ఆగలేకపోయాడు. అతను డిజైనర్‌గా వెళ్ళి కొనేవాడిగా మారడానికి క్షణం పట్టలేదు. మొప్ప ఎత్తి చూశాడు. పెదవి విరిచాడు. ధర అడిగి, విన్నాక నవ్వాడు.

"నిన్నటిది లాగుందక్కా ఇది," అని సగానికి అడిగాడు.

చిట్టెమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "నిన్నటిదా?" అంది.

ధన్!

వీధిలో కుక్క లేచి నిలబడింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఆసిమ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పెట్టె అప్పటికే నెత్తి మీదుంది. చిట్టెమ్మ నడుస్తోంది. వెనక్కి చూడట్లేదు.

పోనీ, అనుకున్నాడు. తనకి తెలియనిదా ఇది? ఆ నాలుకకి ఏటవాలు పెట్టింది తనే. ఆ బోలు వదిలింది తనే. ఆ చప్పుడు చేపది కాదు, కోపానిదీ కాదు, పాలీ ప్రొపిలీన్ ప్లాస్టిక్‌ది. మలుపు దాకా వెళ్ళి ఆమే తిరిగొస్తుంది. కదలకూడదు. కానీ చెవుల్లో ఆ ధన్ ఇంకా మోగుతూనే ఉంది, తాను ఏదో చెయ్యకూడని తప్పు చేశానని, ఆ చేప మళ్ళీ దొరకదని, ఇంటికి ఉత్త చేతుల్తో వెళ్ళి అమ్మీకి ఏం చెప్పాలని. చిట్టెమ్మ చీర కొంగు మలుపు దగ్గర సగం మాయమైంది.

"అక్కా! ఆగక్కా! నువ్వన్నదే ఇత్తాను!"

అంత గట్టిగా అరిచింది తనేనని అతనికి ఒక క్షణం తర్వాత తెలిసింది.

చిట్టెమ్మ తీరిగ్గా వెనక్కి వచ్చింది. పెట్టె దించి, ఒంటి చేత్తో, బొటనవేలితో మూత ఎత్తింది. చేప తూచి ఇస్తూ, "ఈ పెట్టి నాను తిరిగియ్యను సాయిబూ. మిగతావోళ్ళవి తొందరగా సెయ్యమని మీ ఓనరు బాబుకి సెప్పు" అంది. ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

ఆసిమ్ చేప సంచీతో డిపో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.  కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అతను తుడుచుకోలేదు. తిరుమలరావుకి ఫోన్ చేశాడు.

"నన్ను నిలువునా ముంచేసింది బావా," అన్నాడు. "అడిగినంతా ఇచ్చేసినాను." ఇంకేదో చెప్పబోయాడు గానీ నవ్వు ఆగక చెప్పలేకపోయాడు.