ప్లీహంలో దాగిన జబ్బును దేవుడు బయటపెట్టాడు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, నేను కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఫిట్టర్‌ని. కొన్నేళ్ల క్రితం నన్నొక జ్వరం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోయేది, నిద్రలో దుప్పటి తడిసిపోయేంత చెమట పట్టేది, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు, టీబీ కావచ్చని ఆ మందులూ వాడించారు, అయినా తగ్గలేదు. ఎడమ డొక్కలో ఏదో గట్టిగా చేతికి తగులుతుంటే మా అమ్మ తడిమి చూసి, "బల్ల పెరిగిందిరా అబ్బాయ్" అంది. విజయవాడలో స్కానింగ్ తీసి, ప్లీహం, అదే మా అమ్మ చెప్పిన బల్ల, బాగా వాచిందనీ లోపల గడ్డలున్నాయనీ చెప్పారు గానీ అవేమిటో తేలలేదు.

సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టింది. ఇది చెడ్డ జబ్బు కాకూడదనే అందరం అడిగాం. అందరూ వెళ్లాక నా భార్య శాంత ఒక్కతే మోకాళ్ల మీద ఉండి, "తండ్రీ, ఏదైనా సరే, అదేంటో మాకు తెలియజెయ్యి. తెలియకుండానే ఈయన మా కళ్లముందు కరిగిపోతున్నాడయ్యా" అని ప్రార్థించడం మంచం మీద నుంచి విన్నాను.

తర్వాత మమ్మల్ని హైదరాబాదు పంపారు. అక్కడి డాక్టరుగారు నెమ్మదిగా వివరించారు. "ప్లీహం తీసేసే ఆపరేషన్‌కి మీ ఒంట్లో శక్తి లేదండీ. అది జీర్ణాశయం పక్కనే ఉంటుంది. నోట్లోంచి గొట్టం పంపి, దాని చివరున్న అల్ట్రాసౌండ్‌తో చూసుకుంటూ, జీర్ణాశయం గోడలోంచి సన్నటి సూదితో పరీక్ష కోసం చిన్న ముక్క తీస్తాం. రక్తం కారే ప్రమాదం కొంచెం ఉంది, ముందే చెబుతున్నా."

రక్తం కారుతుందంటే నాకు భయమేసింది. శాంత మాత్రం, "చేయించుకుందామండీ. మనం దేవుణ్ణి అడిగింది ఇదేగా" అంది.

మత్తిచ్చారు. మెలకువ వచ్చేసరికి గొంతు మంట తప్ప ఏ నొప్పీ లేదు. కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. ప్లీహంలో లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్. శాంత అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చి, ఏడుస్తూనే "స్తోత్రం తండ్రీ" అంది.

"క్యాన్సరని చెబితే స్తోత్రమా?" అన్నాను.

"ఇంక ఊరికే ఆ టీబీ మందులు మింగక్కర్లేదు కదండీ. ఈ జబ్బు మందే ఈ జబ్బుకి పడుద్ది."

కీమో ఎక్కించిన నెలల్లో జుట్టు రాలింది, నోరు పుండ్లు పడింది, ప్రార్థన చేయడానికి కూడా నోట మాట రాని రోజులున్నాయి. అప్పుడు సంఘమే నా బదులు ప్రార్థించింది. జ్వరం పోయింది, ప్లీహం తగ్గింది, మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాను. ఆసుపత్రిలో నా పక్క మంచం మీదున్న సహోదరుడు బ్రతకలేదు. అతని భార్యా నా భార్యలాగే ప్రార్థించింది. అది ఎందుకో నాకు తెలియదు సహోదరులారా, తెలిసినట్టు చెప్పను. నన్ను నిలబెట్టినవాడు ఆమెనూ విడిచిపెట్టలేదని మాత్రం నమ్ముతున్నాను.

పరీక్షకు వెళితే విశ్వాసం లేనట్టని, జబ్బు పేరు వినాలంటే భయమని మీలో ఎవరైనా ఇంట్లోనే బాధపడుతుంటే, ఈ ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. కలిసి మోకాళ్లూనుదాం, ఆ తర్వాత మీతో ఆసుపత్రికి నేనూ వస్తాను. దేవునికే మహిమ.