లైన్ క్లియర్‌కి గీసిన పటం

మా సబ్‌స్టేషన్ పాలకుర్తి నుంచి దేవరుప్పుల పోయే దారిలో ఉంటుంది. అందులో నేను షిఫ్ట్ ఆపరేటర్‌ని. పేరు పెద్దగా వినిపిస్తుంది గానీ చేసే పని కరెంటు ఆపడం, కరెంటు వదలడం. లైన్‌మన్ పోల్ ఎక్కాలంటే ముందు నాకు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడగాలి. నేను బ్రేకర్ ఆపి, ఎక్కమని చెప్పాలి. పని ముగించి దిగాక అతను మళ్ళీ ఫోన్ చేయాలి. అప్పుడే కరెంటు వదలాలి. ఈ మధ్యలో ఎవరు ఎంత తొందరపెట్టినా నా చెయ్యి కదలకూడదు.

మా సబ్‌స్టేషన్ కింద పనిచేసే లైన్‌మన్లలో ఒకడు నా తమ్ముడు. ఒకే తండాలో పుట్టి పెరిగాం. ఇంట్లో తండా భాష, డ్యూటీలో తెలుగు. వాడు పోల్ మీద ఉన్నప్పుడు వాడి ప్రాణం నా చేతిలో ఉంటుందన్న సంగతి మా అమ్మకు ఎన్నడూ విడమరిచి చెప్పలేదు. చెబితే మా ఇద్దరిలో ఒకరితో ఉద్యోగం మాన్పించేది.

భూపాలపల్లి నుంచి బదిలీ మీద వచ్చిన మా ఇంజనీరు, ఏఈ సార్‌కి అన్నీ గోడ మీద కనిపించాలి. "మీరంత నోటితోనే నడిపిస్తున్నరు. ఒక ఫ్లోచార్ట్ ఉండాలె. చూసినోడు ఆలోచన చెయ్యకుండ పని చెయ్యాలె" అన్నారు. కంప్యూటర్ డిగ్రీ చదివానని ఆ పని నా నెత్తిన పెట్టారు.

ఆన్‌లైన్‌లో ఇలాంటి పటాలు గీసే సైట్ ఒకటి దొరికింది. డబ్బాలు లాగి పెట్టడం, వాటి మధ్య బాణాలు కలపడం తేలికే. తేలిక కదా అని డబ్బాకో రంగు వేసి, తెలిసినదంతా కుక్కి గీశాను. తెలుగు అక్షరాలు డబ్బాల్లోంచి బయటికొచ్చాయి. బాణాలు ఒకదాని మీద ఒకటి పడి ఎటు పోతున్నాయో తెలియలేదు. మా పెద్ద లైన్ ఇన్‌స్పెక్టర్ చూసి, "ఏందమ్మా, బతుకమ్మ పేర్చినవా?" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆయన అన్నది నిజం కాబట్టి ఇంకా మండింది.

అంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ప్రశ్న అడిగేచోట డైమండ్ ఆకారం, పని చేసేచోట చతురస్రం. ఒక డైమండ్‌లో ఒకే ప్రశ్న. 'అవును' ఎప్పుడూ కిందికి, 'కాదు' ఎప్పుడూ పక్కకు. రంగు ఒక్క చివరి డబ్బాకే, 'కరెంటు వదులు' అన్నదానికి. అది ఎర్రగా ఉండాలని నేనే అనుకున్నాను.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. పని అయిందని ఎవరు చెబితే నమ్మాలి? నాట్లప్పుడు మోటర్లు ఆగితే రైతుల ప్రాణం ఆగినట్టే. లైన్‌మన్ దిగకముందే ఎవరో ఒకరు ఫోన్ చేసి, "అయిపోయింది, ఇడువుర్రి" అంటారు. లైన్‌మన్లందరినీ కూర్చోబెట్టి అడిగాను. తోవ చెప్పింది మా తమ్ముడే.

"అక్కా, లైన్ క్లియర్ తీసుకున్న నంబర్ నుంచి ఫోన్ వస్తెనే ఇడువు. వేరే నంబర్‌కు ఇడువకు. గంతే" అన్నాడు.

అందరూ బాగుందన్నారు. 'అదే నంబర్ నుంచి ఫోన్ వచ్చిందా?' అని డైమండ్‌లో రాశాను. కిందికి 'అవును', ఆ కింద ఎర్ర డబ్బా. ఏఈ సార్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి గోడకు అంటించారు. మహబూబాబాద్ దగ్గర ఆయనకు తెలిసిన సబ్‌స్టేషన్‌కి లింక్ పంపారు. వాళ్ళు కూడా ప్రింట్ తీసి పెట్టుకున్నారు. నాకు భలే గర్వంగా అనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వాన లేదు గానీ గాలి బాగా లేచింది. పొలాల మధ్య చెట్టు కొమ్మ విరిగి లైన్ మీద పడింది. తమ్ముడు లైన్ క్లియర్ తీసుకుని ఎక్కాడు. నాట్లు నిలిచిపోయాయని రైతులు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్ళకు సర్దిచెప్పడానికి ఏఈ సార్ కూడా వచ్చి, చివరికి నా గదిలో నా వెనకే నిలబడ్డారు.

ఫోన్ మోగింది. తమ్ముడి నంబర్.

"అక్కా, అయిపోయింది. ఇడువుర్రి."

గాలి హోరులో మాట సరిగా వినపడలేదు. కానీ ఏదో తేడాగా ఉంది. తమ్ముడు నాతో అంత మర్యాదగా మాట్లాడడు.

"నంబర్ అదేనా?" అన్నారు సార్.

"అదే సార్."

"మరి ఎందుకు ఆలోచిస్తున్నవ్? చార్ట్ ఏమంటున్నది?"

చార్ట్ కిందికి పొమ్మంటోంది. నా చెయ్యి అప్పటికే బ్రేకర్ స్విచ్ మీద ఉంది. ఎందుకో ఫోన్లో తండా భాషలో మాట్లాడాను. పైన ఇంకేమైనా పని మిగిలిందా అని అడిగాను.

"ఏందక్కా? గా భాష నాకు రాదు" అన్నది ఫోన్లోని గొంతు.

"నువ్వెవలు?"

"పొలం నాదే అక్కా. అన్న ఎక్కేటప్పుడు ఫోన్ నా చేతికిచ్చిండు."

జేబులో పెట్టుకుంటే వంగినప్పుడు పడిపోతుందని మా లైన్‌మన్లంతా ఎక్కేముందు ఫోన్ కింద ఎవరి చేతిలోనో పెడతారు. ఇది రోజూ జరిగేదే. రోజూ జరిగేదే కాబట్టి చార్ట్ కోసం ఆ రోజు కూర్చున్న వాళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"అన్న ఏడి?"

"దిగిండు. ఎర్త్ గొలుసు గూడ తీసిండు. మల్ల ఏందో చూస్తనని ఎక్కిండు. గంతే, అయిపోయినట్టే."

పొరపాటున కరెంటు వచ్చినా మనిషిని కాపాడేది ఆ గొలుసొక్కటే. అది తీసేశాడు. తీసేసి పైన ఉన్నాడు.

"ఏమైందమ్మా? రైతులు ఆగేటట్టు లేరు" అన్నారు సార్. గేటు దగ్గర నుంచి ఎవరో, "పని అయిందట గదా, ఇంకేం జేస్తున్నరు?" అని అరిచారు. స్విచ్ మీది చేతిని రెండో చేత్తో పట్టి లాగేసుకున్నాను. నా చేతికే నేను భయపడ్డాను.

"స్పీకర్ పెట్టు! ఫోన్ పైకెత్తి అన్నను మాట్లాడమను!" అని రైతు మీద అరిచాను. గాలి తప్ప ఏమీ వినపడలేదు. అలాంటి నిమిషాలు నాకు మళ్ళీ ఎప్పుడూ రాకూడదు. ఆ గాలిలోంచి, ఎక్కడో దూరం నుంచి, మా తమ్ముడి గొంతు వచ్చింది.

"ఇడువకక్కా! నేనింక పైన్నే ఉన్న!"

వాడు దిగి, తన ఫోన్‌తో తనే, తండా భాషలో నన్ను తిట్టాకే కరెంటు వదిలాను. తిట్టు విని అంత సంతోషపడింది జన్మలో అదొక్కసారే.

సాయంత్రం వాడు సబ్‌స్టేషన్‌కి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. వాడు గోడ దగ్గరికి పోయి, పటం మీద వేలు పెట్టాడు. లైన్ క్లియర్ ఇచ్చారు. అవును. పని మొదలైంది. అవును. అదే నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. అవును. వేలు ఎర్ర డబ్బా మీదికి వచ్చి ఆగింది.

"అక్కా, గీ పటం ప్రకారం నేను సచ్చిపోయిన" అన్నాడు.

ఏఈ సార్ తల దించుకున్నారు. నేను కంప్యూటర్ తెరిచి ఆ డైమండ్ తీసేశాను. 'పోల్ ఎక్కిన మనిషి, దిగి, తన గొంతుతో చెప్పాడా?' అని రాద్దామనుకుని, అందులో రెండు ప్రశ్నలున్నాయని ఆగి, రెండు డైమండ్లు చేశాను. లింక్ తెరిస్తే మహబూబాబాద్ వాళ్ళకూ కొత్తదే కనిపిస్తుంది. కానీ వాళ్ళు లింక్ ఎందుకు తెరుస్తారు? గోడ మీది కాగితం దానంతటది మారదు. అది తట్టగానే ఫోన్ తీసి అక్కడి ఆపరేటర్‌కి చేశాను.

"జర ఆగి చెయ్యి అక్కా. లైన్ క్లియర్ మీద ఒకాయన పైన ఉన్నడు" అన్నాడు అతను.

"ఆయన ఫోన్ ఎవరి దగ్గర ఉన్నది?"

"కింద రైతు పట్టుకున్నడేమో" అన్నాడు.

"అన్నా, ముందుగాల గా గోడ మీది కాగితం చించు. ఆయన దిగి, ఆయన గొంతే నీ చెవిల పడేదాక స్విచ్ ముట్టకు" అన్నాను. ఫోన్లో కాగితం చిరిగిన చప్పుడు విన్నాకే కుర్చీలో కూర్చున్నాను.