జేజి మొదలుపెట్టని బొంత

కొత్త బట్టకు పెట్టిన గంజి వాసన పొద్దుటినుంచీ ఇల్లంతా పట్టుకుంది. నా పాత చీరలతో ఏడాదిగా కుడుతున్న బొంతకు నిన్న ఆఖరి కుట్టు వేసి, దారం కొరికి, ఫోన్‌లో తెప్పించుకున్న బొంత కిట్టు ఈరోజే విప్పాను. ముక్కలన్నీ ఒకే కొలతకు కత్తిరించి, అంకెలు వేసి, సూదీ దారంతో సహా అట్టపెట్టెలో పంపారు. ఒకటి ముగిసిన మర్నాడే ఇంకోటి ఎందుకని మా పిల్లలు నవ్వుతారు. అది మా జేజి అంటించిన జబ్బు.

జేజి అంటే నాయన తల్లి. నాయుడుపేట బజారులో నాయన దర్జీ. ముందు గదిలో మిషను, వెనక మా కాపురం. వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు వదలకపోతే, తడిసిన గోడల వాసన, మిషను నూనె వాసన, పొయ్యిమీద ఉడికే ఉలవల వాసన కలిసిపోయిన ఆ గదిలో పిల్లలం నలుగురం జేజి బొంతల కింద దూరి, ఏ ముక్క ఎవరిదో చెప్పుకునే ఆట ఆడేవాళ్లం. ఈ గళ్లది బియ్యంకొట్టు ఆయన చొక్కా, ఈ పూలది టీచరమ్మ జాకెట్టు, ఈ మరక కిందటి రంజాన్‌కు తమ్ముడు ఒలకబోసిన సేమ్యా పాయసం.

దర్జీ చేతిలో పడ్డ గుడ్డ తరుగుతుందే గానీ పెరగదని ఊళ్లో వేళాకోళమాడేవారు. నాయనకు ఆ మాట గిట్టేది కాదు. మిగిలిన పీలికను కూడా జాకెట్టులో మడిచి ఇచ్చేసేవాడు. వద్దని వదిలేసినవే గోనెసంచిలో పడి జేజికి చేరేవి. ఆమె ఒక బొంత పూర్తిచేసిన మర్నాడే ఇంకోటి పరిచేది. ఖాళీగా ఉంటే సూది తుప్పు పడుతుంది, మనిషీ అంతేననేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు దొరవారిసత్రం నుంచి ఒకామె వంగపండు రంగు పట్టుగుడ్డ తెచ్చి, తనకు జాకెట్టు కుట్టి, మిగిలింది కూతురి జాకెట్టుకు ఉంచమంది. నా కన్ను ఆ రంగు మీద పడింది. నాయన అన్నానికి లేచినప్పుడు ఆ మిగిలిన ముక్కను తీసి సంచి అడుగున కుక్కాను. బొంతలో చేరితే రోజూ కప్పుకోవచ్చని తప్ప ఇంకేమీ తోచలేదు. సంచిలో ఉంది కదా, వదిలేసిందే అనుకుని జేజి కుట్టేసింది. నాయన అంగడంతా గాలించి, దొరక్క, ఎక్కడో పోయిందనీ కొత్తది కొనిస్తాననీ గుడ్డ తెచ్చినామెకు చెప్పుకున్నాడు.

ఆమె సరేనని మంచినీళ్లకు లోపలికి వచ్చింది. వెనక వసారాలో జేజి ఒళ్లో బొంత ఉంది.

"పోయిందన్న గుడ్డ ఇదే గదన్నా," అంది, గొంతు పెంచకుండానే.

నాయనకు తల కొట్టేసినట్టయింది. నేను తేలు కుట్టిన దొంగలా తలుపు పక్కన నిలబడిపోయాను. జేజి నా ముఖం ఒక్కసారి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"నేనే తీసినా అబ్బయ్యా. కంటికి నచ్చింది."

నాయన బ్లేడుతో కుట్లు విప్పి, ముక్కను ఇస్త్రీ చేసి వచ్చినామె చేతిలో పెట్టాడు. మర్నాటి నుంచి సంచి లోపలికి రాలేదు. తల్లికి అన్నానికీ మందులకూ లోటు చేయలేదు గానీ, ఆమెతో నవ్వుతూ మాట్లాడటం మానేశాడు. జేజి ఆ ఖాళీలో తన పాత చీర ముక్క వేసి బొంత పూర్తిచేసింది. ఇంకోటి పరచలేదు. మూడేళ్లకు పోయింది. నేను నోరు విప్పలేదు. మొదట దెబ్బలకు భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు.

అంగడి ఉన్న చోట ఇప్పుడు రెడీమేడ్ దుకాణం. గుడ్డ తెచ్చి కొలతలిచ్చేవాళ్లూ తగ్గిపోయారు. ఈ కిట్టులో ముక్కలు చూసి ఇది ఫలానావాళ్లదని చెప్పడానికి ఏమీ లేదు.

ఎనభై దాటిన నాయన నా దగ్గరే ఉంటాడు. ఈ మధ్యాహ్నం ముక్కలు తడిమి చూసి, కత్తెర బాగా నడిపారని మెచ్చుకున్నాడు. తర్వాత, "మా అమ్మకు ఇట్టాంటివి దొరికుంటే ఆ పని చేసుండదు," అన్నాడు.

ఇక ఓర్చుకోలేకపోయాను. తీసింది నేనేనని చెప్పేశాను. చెబితే బరువు దిగుతుందనుకున్నాను. నాయన చేతిలోని ముక్కను పెట్టెలో పెట్టి, కళ్లద్దాలు తీసి, తుడవకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్తే, తప్పయిందని నేనెవురికి చెప్పుకోవాలమ్మా?" అన్నాడు.