ఒక్క స్వరం కోసం గిద్దలూరు దాకా

బి.ఏ. పూర్తిచేసి గుంటూరు నుంచి మార్కాపురం వచ్చేసినప్పటి నుంచి నాకు చెప్పుకోదగ్గ పనేమీ లేదు. నాయన పలకల దుకాణంలో కూర్చుని, పెట్టెల మీద అంటించిన ఊళ్ల పేర్లు చదువుతుంటాను. పలకలు బొంబాయి పోతాయి, కలకత్తా పోతాయి, ఓడెక్కి ఇంకా అవతలికి పోతాయి. నేను మాత్రం పోను. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం రేడియోలో సన్నాయి వినిపించింది. వాయించిన దానియేలు గిద్దలూరు దగ్గరి పల్లెవాడనీ, సన్నాయి, డప్పు, గుమ్మెట, కిన్నెర అన్నీ ఒక్కడే వాయిస్తాడనీ, మాస్కో, ప్రాగ్, టోకియో నగరాల్లో కచేరీలు చేసి ఈమధ్యే ఇంటికి వచ్చాడనీ చెప్పారు. మనవైపు మనిషి అంత దూరం ఎలా పోగలిగాడో అడిగి తెలుసుకోవాలనిపించింది. గిద్దలూరులో మేనత్త ఉంది కనుక నాయన కాదనలేదు.

మార్కాపురంలో ఊరొకచోట, రైలు స్టేషనొకచోట. తెల్లవారగానే అర్ధరూపాయికి జట్కా మాట్లాడుకుంటే ఏడున్నర రైలు తీరిగ్గా అందుతుంది. గిద్దలూరుకు మూడో తరగతి టిక్కెట్టు రూపాయిన్నర లోపే. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, బొగ్గునుసి పడినా సరే. తర్లుపాడు దాటాక నల్లమల మనతోపాటే నడుస్తుంది. కంభంలో చెరువు చేపల బుట్టలు నీళ్లు కారుతూ ఎక్కాయి. అక్కడి నుంచి పెట్టెలో అందరూ కాళ్లు పైకి పెట్టుకునే ప్రయాణం చేశారు. పదిన్నరకు గిద్దలూరులో దిగాను. అత్త ఉగ్గాని పెట్టి, పల్లెలో ఎవరింట్లోనూ నీళ్లు తాగవద్దని రెండుసార్లు చెప్పింది. రానూపోనూ రూపాయికి ఖాసిం తాత ఎద్దుబండి కుదిరింది. దానియేలు ఎలాంటివాడని దారిలో అడిగాను.

"ఇమానం ఎక్కినోడని ఊరంతా చూడబోయినాం తల్లీ. సన్నగా పోయినాడు, సన్నగానే వచ్చినాడు. ఆడ ఏం పెట్టినారో ఏందో" అన్నాడు తాత, దేశాల మీద నమ్మకం పోయినట్లు.

గంటన్నర మట్టిబాట. చర్చి దాటాక పక్కపక్కనే రెండు కొట్టాలు, మధ్యలో నడుమెత్తు గోడ. మొదటిది దానియేలుది. ఆయనకు నలభై ఏళ్లుంటాయి. వేపనీడలో దుప్పటి పరిచి వాయిద్యాలన్నీ తుడుస్తున్నాడు. పలకల దుకాణం సెట్టిగారి అమ్మాయినని చెప్పాను. ఆయన భార్య చెంబుతో నీళ్లిచ్చి, తాగుతానో లేదోనని చూస్తూ నిలబడింది. తాగాను.

నాకు దేశాల సంగతి కావాలి. ఆయనకు అది ముక్తసరిగా వచ్చింది. చిన్నప్పుడు పెళ్లిళ్లకు, చావులకు డప్పు, తర్వాత సన్నాయి, ఎవరో విని పంపగా రేడియో కేంద్రం, అక్కడి నుంచి విదేశాలకు పంపే కళాకారుల జట్టు. మూడేళ్లలో పదకొండు దేశాలు. మాస్కో ఎలా ఉంటుందంటే, స్టేజీ వెనక గది వెచ్చగా ఉంటుందన్నాడు. టోకియో? స్టేజీ వెనక గదిలో అద్దం పెద్దదట. మళ్లీ మళ్లీ గోడవైపే చూస్తున్నాడు. గోడకవతల ఒక పెద్దాయన చొప్ప నరుకుతున్నాడు. ఆయన యాకోబు, దానియేలు అన్న.

గొంతు తగ్గించి దానియేలు అసలు సంగతి చెప్పాడు. మేకతోలు తిత్తిని చంకలో అదిమి, ఊది, పాట ఉన్నంతసేపూ తెగకుండా ఒకే స్వరం పట్టేవాడు యాకోబు. దాని మీదనే తమ్ముడి సన్నాయి. చిన్ననాటి నుంచీ అంతే.

"మొదటిసారి జట్టులో ఒక్కటే సీటు ఉన్నింది. నాలుగు వాయిద్యాలు నువ్వే వాయిస్తావు, ఒకే సరం ఊదేవానికి ఇమానం ఎందుకనినారు ఆఫీసర్లు. నేను సరే అంటి. అన్న పక్కనే నిలబడుకోని ఉన్నాడమ్మా."

అప్పటి నుంచి యాకోబు తమ్ముడికి తిత్తి పట్టలేదు. వాన గురించి మాట్లాడతాడు, ఎద్దుల గురించి మాట్లాడతాడు, పండగకు ఒకే పళ్లెంలో తింటాడు. తిత్తి ఊసెత్తితే లేచిపోతాడు. దానియేలు అన్ని దేశాల్లోనూ శ్రుతిపెట్టె పెట్టుకుని వాయించాడు. తను ఎక్కడ దమ్ము తీసుకోబోతున్నాడో అన్నకు ముందే తెలిసేదట. పెట్టెకేం తెలుస్తుంది?

రాబోయే సోమవారం మళ్లీ ప్రయాణం. ఈసారి పట్టుబట్టి రెండో సీటు సంపాదించాడు. ఇంగ్లీషు ఉత్తరం నా చేతికిచ్చి, గోడ అవతలికి వినపడేలా చదివి తెలుగులో చెప్పమన్నాడు. తాఖీదు చదివే గుమాస్తాలా నిలబడి చదివాను. యాకోబు పేరు వచ్చినచోట మరీ గట్టిగా చదివాను. చొప్ప నరికే చప్పుడు ఆగలేదు.

దానియేలు ఉత్తరం మడిచి, సన్నాయి తీశాడు. భార్య శ్రుతిపెట్టె తిత్తులు ఊపింది. నాకు బాగానే ఉంది. కానీ కాసేపటికి ఎండకూ ఊపిరికీ సన్నాయి వేడెక్కి స్వరం పైకి జరిగింది. పెట్టె ఉన్నచోటే ఉంది. పాట మధ్యలో ఆపేశాడు. పెట్టెను పక్కకు నెట్టాడు. సన్నాయిని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఈ మేళాల్లో ఒక మర్యాద ఉంది. పాట వాయించేవాడు ఎంత పేరున్నవాడైనా, తిత్తి పట్టేవాణ్ణి అడిగి మొదలుపెట్టాలి. మూడేళ్లుగా దానియేలు క్షమించమన్నాడు, డబ్బు పంపాడు, ఉత్తరం తెచ్చాడు. ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. అడిగే అర్హత పోయిందనుకున్నాడట.

"పట్టన్నా" అన్నాడు, గోడవైపు చూడకుండానే.

చొప్ప నరకడం ఆగింది. యాకోబు చేతులు పంచెకు తుడుచుకుని లోపలికి పోయాడు. గోడ చుట్టి వచ్చేసరికి చంకలో తిత్తి ఉంది. నేను దగ్గరే కూర్చున్నాను కనుక చూశాను: ఆ తోలు మెత్తగా, ఆముదంతో నిగనిగలాడుతోంది. రోజూ రాయకపోతే ఈ ఎండలకు నెలలో పగిలిపోయే తోలు. దానియేలు కూడా చూశాడు.

స్వరం సన్నగా మొదలై, నేల కింది నుంచి వస్తున్నట్లు నిండింది. సన్నాయి పైకి జరిగితే యాకోబు మోచెయ్యి కాస్త బిగిసేది, అంతే. ఎంతసేపో తెలియదు. ఖాసిం తాత బండి దిగివచ్చి కింద కూర్చున్నాడు.

అయ్యాక దానియేలు ఉత్తరం అన్న ముందు పెట్టాడు. యాకోబు వేలితో వెనక్కి జరిపాడు.

"నేను రాలేనురా. నడిచిపోయే దూరం గాదు, నాకు దమ్ము గూడ ముందటి మాదిరి లేదు. నువ్వు వచ్చినప్పుడల్లా అడుగు. పడతా."

దానియేలు తల ఊపాడు. సోమవారం ఒక్కడే పోతాడు.

తిరుగురైలులో నేను దానియేలును చూసి జాలిపడాలో, అసూయపడాలో తేల్చుకోలేకపోయాను. అన్ని నగరాలు చూసి కూడా గోడ అవతలి మనిషి కోసం ఎదురుచూసినవాణ్ణి చూశాక, ఇక ఇంటిపట్టున ఉండాలన్న బుద్ధి పుట్టాలి. పుట్టలేదు. నాకు ఇంకా పోవాలనే ఉంది. కాకపోతే ఇప్పుడు ఇంకో కోరిక కూడా తోడైంది: ఎక్కడికి పోయినా, ఫలానా మనిషి పక్కన లేరే అని నాకు అనిపించాలి. అలాంటి మనిషి ఎవరా అని మార్కాపురం దాకా వెతుక్కున్నాను.

వెళ్లదలచినవారికి ఒక మాట. దానియేలు దేశాల్లో ఉన్న నెలల్లో కూడా వెళ్లవచ్చు. రెండో కొట్టంలో యాకోబు ఉంటాడు. మర్యాదగా అడిగితే కాసేపు తిత్తి పడతాడు. పాట ఉండదు, ఆ ఒక్క స్వరమే. గిద్దలూరులో తిరుగురైలు ఐదున్నరకు. మూడున్నరకల్లా పిలవమని బండివాడికి ముందే చెప్పి పెట్టుకోండి, ఆ స్వరం వదిలి మీ అంతట మీరు లేవలేరు.