ఆగమ్మ పెట్టిన చింతగింజలు

ఆగమ్మకు గుంట భూమి లేదు, మేకపిల్ల లేదు, మొగుడు లేడు. ఉన్నదల్లా నెత్తిన తట్ట. పొద్దున్నే పశువుల మంద వెనక నడిచి, పడిన పేడ ఎత్తి, వాగు గట్టున పిడకలు కొట్టేది. కొన్ని తన పొయ్యిలోకి, మిగిలినవి ఇంటింటికీ ఇచ్చి జొన్నలు తెచ్చుకునేది. లక్డారం అవతలి ఆ ఊళ్లో ఏ బర్రె ఎంత పేడ వేస్తుందో మేపేవాడికి తెలియదు గానీ ఆగమ్మకు తెలుసు. ఆ తెలివే ఆమె కొంప ముంచింది.

తొంభై ఏడులో నరసరాజు అనే ఆఫీసరు ఊరికి గోబర్ గ్యాస్ తెచ్చాడు. కోస్తా మనిషి, పటాన్‌చెరులో స్థిరపడ్డాడు. చెట్లు కొట్టొద్దు, పొగ రావొద్దు, అందరూ కూర్చుని ప్లాను వేసుకోవాలన్నాడు. పంచాయతీ ముందు ముగ్గుతో ఊరి పటం గీయించి, ఏ ఇంట్లో ఎన్ని పశువులుంటే అన్ని చింతగింజలు పెట్టమన్నాడు. పన్ను వేస్తారేమోనని పటేళ్లు తక్కువ పెట్టారు. ఆగమ్మ నోరు మూసుకుంటే బాగుండేది. మూసుకుందా?

"నీ కొట్టంల నాలుగు బర్లుండంగ రెండే పెడ్తవేంది పటేలా?" అంటూ తనే వంగి గింజలు సర్దింది. బాట మీద పడే పేడకు కూడా వేరే గింజలు పెట్టింది.

"ఈవిడే మన ఇంజనీరండీ" అన్నాడు నరసరాజు. ఊరంతా చప్పట్లు కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరూ మెచ్చుకోని మనిషి, పొంగిపోయింది పాపం.

పేడ పోసినవాళ్లకే గ్యాసు అని తీర్మానం రాశారు. బాట మీది పేడ ఊరి సొత్తట, అదీ గ్యాసు తొట్టిలోకే పోవాలట.

"మరి నాకు సారూ?"

"మీ ఇంటి ముందు గింజ లేదు కదమ్మా. రూలు నేను పెట్టలేదు, ఊరు పెట్టుకుంది. గింజలు పెట్టింది మీరే కదా?"

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఆగమ్మకు అసలు విస్తరే వేయలేదు.

తొట్టి కట్టాక కూడా ఆమె అలవాటు కొద్దీ మంద వెనక వెళ్లింది. సర్పంచ్ పెద్దరాములు తట్ట గుంజుకుని, "ఊరి పెండ దొంగతనం జేస్తవా?" అని తొట్టిలో కుమ్మరించాడు. ఇక ఏం చేస్తుంది? బొల్లారం ఫ్యాక్టరీలు బాట పక్కన పారేసిన మందు సంచులు ఏరుకొచ్చి పొయ్యిలో పెట్టింది. ఆ పాడు పొగకు రెండేళ్లలో కళ్లు పోయాయి.

మూడో ఏడు 'పొగలేని పల్లె' అని ఊరికి బోర్డు వచ్చింది. చూడడానికి పెద్ద సార్లు వచ్చే రోజు, పొద్దున్నే పెద్దరాములు ఆగమ్మ ఇంట్లోకి దూరాడు.

"ఇయ్యాల పొయ్యి ముట్టియ్యకు. పొగ కనవడితె ఊరి ఇజ్జత్ పోతది."

"మరి ఏం తినాలె?"

"ఒక్కనాడు తినకుంటె సస్తవా?" అని, ఆమె ముట్టించదన్న నమ్మకం లేక, కడివెడు నీళ్లు పొయ్యిలో పోసి వెళ్లాడు.

మధ్యాహ్నం నరసరాజు ఆమెను చెయ్యి పట్టుకుని, సార్ల కోసం మళ్లీ ముగ్గుతో గీయించిన ఊరి పటం దగ్గరికి తీసుకొచ్చి, దోసిట్లో చింతగింజలు పోశాడు. "అప్పట్లాగే పెట్టి చూపించమ్మా." ఆగమ్మ ముగ్గు గీతలు వేళ్లతో తడుముకుంటూ గింజలు పెట్టింది, ఒక్క ఇల్లూ తప్పలేదు. తన ఇల్లుండాల్సిన చోట మాత్రం ఉత్త మట్టి తగిలింది.

"నా ఇల్లు గియ్యలేదేంది సారూ?"

"పొగ వచ్చే ఇల్లు పటంలో ఉంటే బాగుండదమ్మా" అని చెవిలో చెప్పాడు.

సార్లు చప్పట్లు కొట్టి కార్లెక్కారు. ఆగమ్మ మిగిలిన గింజలు కొంగున కట్టుకుని ఇల్లు చేరింది. పచ్చివి పంటికి లొంగవు, వేయించుకుంటే ఆ పూట గడుస్తుంది. పొయ్యిలో చెయ్యి పెట్టి చూసింది. పొద్దున పోసిన నీళ్లు ఇంకా ఇంకలేదు.