దేవమ్మక్క మోసిన గోడలు

పోయిన వారం మా ముందుగదిలో పాత బండలు తీయించాము. మేస్త్రి గడ్డపారతో మొదటి బండ లేపగానే ఇల్లంతా ఒక వాసన పరుచుకుంది. ఏళ్ల తరబడి గాలి తగలకుండా మనుషుల కాళ్ల కింద దాగిన మన్ను వాసన. అందులో సన్నగా పులిసిన గంజి వాసన కూడా ఉంది. ఒకప్పటి మగ్గం గుంటను పూడ్చిన చోటది. "ఈడ మన్ను మెత్తగున్నది కాకా, ఏమన్న దాచిండ్రా?" అని మేస్త్రి నవ్వాడు. పని చేసేటప్పుడు నవ్వులాటలు నాకు నచ్చవని అతనికి ముందే చెప్పి ఉన్నాను. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆ గోడ అవతల దేవమ్మక్క ఉండేది.

ఆమెను మీరెవరూ ఎరుగరు. పొడుగాటి మనిషి. రాళ్లు మోసి మోసి ఎడమ భుజం కిందికి వాలి ఉండేది. గొంతు మాత్రం ఎక్కడా వాలలేదు. ఈ రోజు నేనిట్లా ఉన్నానంటే ఆమె వల్లనే. ఆమె నాతో ఆడిన మొదటి మాట మాత్రం అవమానమే. అది కూడా చెప్తాను. జరిగిన అవమానాన్ని వదిలిపెట్టే అలవాటు నాకు లేదు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. జమ్మికుంటలో ఒక సావుకారి ఇంట్లో నేను, మా అవ్వ, నా భార్య రాజవ్వ కిరాయికి ఉండేవాళ్లం. మా మగ్గానికి నేలలో గుంట కావాలి. నేసేవాడు అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. తవ్వుతానని ముందే అడిగితే సావుకారి తల ఊపాడు. తీరా గోడకు చెమ్మ పట్టిందని మగ్గం విప్పించి, కట్టెకు కట్టె వీధిలో వేయించాడు. "మనిషివా, పందికొక్కువా? ఇల్లంత తొవ్వి పెట్టినవ్" అన్నాడు నలుగురిలో. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ మాకు ఇల్లు ఇవ్వలేదు. తవ్వుకునే నేల లేకపోతే నేతగాడికి ఇల్లూ లేదు, పనీ లేదు.

ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉన్న మిషన్ బడి వరండాలో మమ్మల్ని ఉండనిచ్చారు. పత్తి మార్కెట్ వెనక గుడిసెలు కాలిపోయిన కూలి కుటుంబాలు మాకంటే ముందే అక్కడ చేరాయి. దేవమ్మక్క వాళ్లలోని మనిషి, ఆ బడి పక్క చర్చికి పోయే మనిషి. బడి తెరిచేలోగా అందరం లేవాలి. ఆ వెనకే వానలు.

నేను కనబడ్డ వాళ్లందరికీ సావుకారి సంగతి చెప్పేవాణ్ని. ఒక పొద్దున దేవమ్మక్క బియ్యం చెరుగుతూ విని, చాట కింద పెట్టింది.

"ఏం తమ్మీ, పొద్దు పొడిసినకాడి నుంచి గదే పాట. నీ మగ్గం ఏడున్నది?"

"గదిగో, గోడకు."

"మరి నా గుడిసె ఏడున్నది?"

ఆమె చాట మళ్లీ అందుకుంది.

"కట్టెలు మిగిలినోనివి నువ్వే గింత ఏడిస్తే ఎట్ల? జర మాకు సుత ఉంచు."

వరండా అంతా నవ్వింది. రాజవ్వ కూడా నవ్వింది. అది నేను మరిచిపోలేదు.

ఆ సాయంత్రమే దేవమ్మక్క నన్ను స్టేషన్ అవతలికి తీసుకుపోయింది. పాత సర్కారు రోజుల్లో ఏదో ఆఫీసు నౌకర్ల కోసం మొదలుపెట్టిన క్వార్టర్లు అక్కడ వరుసగా ఉన్నాయి. రాష్ట్రం మారాక ఆఫీసు వేరే ఊరికి పోయింది. గోడలు లేచాయి, కప్పు పడలేదు. గదుల్లో తుమ్మచెట్లు మొలిచాయి. నీడకు బర్రెలు పడుకున్నాయి. ఆమె ఒక గోడను ఎద్దు వీపు తట్టినట్టు తట్టింది.

"గీ రాళ్లు నేనే మోసిన. గీండ్ల ఉందాం."

"సర్కారుయి అక్కా. నౌకర్లకు కట్టిండ్రు."

"వచ్చిండ్రా వాళ్లు?"

"రాలే."

"మనం వచ్చినం."

అయినా అడగకుండా చేరడం ఆమెకు ఇష్టం లేదు. నన్ను వెంటబెట్టుకుని తహసీల్దారు కచేరీకి పోయింది. అక్కడి గుమాస్తా మమ్మల్ని ఎండలో నిలబెట్టాడు. విషయం విని, "సాలోళ్లకు, కూలోళ్లకు క్వార్టర్లా? రేపు మేకలు కూడ అడుగుతయ్" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా దేవమ్మక్క నా అంగీ పట్టి గుంజింది.

"గా మాట ఈడ ఖర్చు చేయకు. దాచుకో. పనికొస్తది" అంది చిన్నగా.

తహసీల్దారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. బయటికి వస్తూ మా మాట విని, "సరే, చూద్దాం లెండి" అని జీపెక్కాడు. దారి పొడవునా నేను తిట్టుకుంటూ నడిచాను. చూద్దామంటే లేదనే కదా.

"చూద్దామన్నడు గద. చూడనీకి ఏమన్న ఉండాలె. మొండి గోడలు ఏం చూస్తడు?" అంది ఆమె.

మర్నాటి నుంచే వరండాలోని వాళ్లందరం పనిలో దిగాం. తుమ్మలు నరికాం. తాటి దూలాలు ఎత్తాం, తాటికమ్మలు కప్పాం. దుంగ బరువెక్కి నా చేతులు సడలినప్పుడల్లా ఆమె కింద నుంచి, "తమ్మీ, గా గుమాస్తా ఏమన్నడు?" అని అడిగేది. మేకలు గుర్తుకు వచ్చేవి. దుంగ పైకి లేచేది. సావుకారి పందికొక్కు మాటతో నా మగ్గం గుంట ఒక్క పూటలో తవ్వేశాను. అంతవరకు నా కోపం నా నోట్లోనే ఉండేది; అది చేతుల్లోకి కూడా వస్తుందని నాకు తెలియదు.

మా రెండిళ్లకూ గోడ ఒక్కటే. అది మా అవ్వకు నచ్చలేదు. "వాళ్ల గోడ, మన గోడ ఒక్కటైతదా?" అని దేవమ్మక్కకు వినబడేట్టే అంది. ఆమె తట్టలో మన్ను తెచ్చి మా గడప ముందు కుమ్మరించి, "పెద్దవ్వా, గా గోడ రాయి రాయి నా భుజం మీద వచ్చింది. వద్దంటే చెప్పు, నీ దిక్కు గోడ లేకుంటనే కప్పు ఏపిస్త" అంది. అవ్వ గొణుక్కుంటూ లోపలికి పోయింది. కానీ సాయంత్రం అంబలి రెండు ముంతల్లో పోసింది, రెండోది ఆ ఇంటికి.

మమ్మల్ని ఖాళీ చేయించడానికి వస్తున్నారని కచేరీ బంట్రోతు భార్య చర్చిలో దేవమ్మక్కకు చెప్పింది. ఆమె నా దగ్గరికి వచ్చి, "రేపు పొద్దున పడుగు సాగదియ్యి" అంది. పడుగంటే వీధి పొడవునా కర్రల మీద పరిచే నిలువు పోగులు. గంజి పట్టించి, తడి ఆరేలోగా కుంచెతో దువ్వాలి. నడుమ ఆపితే పోగులు అంటుకుని బట్ట పనికే రాదు.

జీపు వచ్చేసరికి ఇళ్ల ముందు దారంతా పడుగే. ఒక వైపు నేను, ఎదుట దేవమ్మక్క కుంచె పట్టి దువ్వుతున్నాం. గుమాస్తా ముందు దిగాడు.

"తీయుండ్రి ఇదంత. దారి ఇడువుండ్రి."

"తడి పడుగు సార్. ఆరేదాక కదిలిస్తే పాడైతది" అన్నాను. పడుగు తీయిస్తే మా ఇళ్లు కూడా ఆ పూటే పోతాయి.

అతను దాటబోయి కాలెత్తాడు. తహసీల్దారు వెనక నుంచి, "ఆగవయ్యా, తొక్కుతావేంటి?" అన్నాడు. జీపు దిగి పడుగు అంచు వెంట నడిచాడు. ఆరేదాకా ఉండక తప్పదు గనక ఒక్కో ఇంట్లోకి తొంగి చూశాడు. పొయ్యిల మీద కూరలు ఉడుకుతున్నాయి. మా గుంటలో మగ్గం బిగించి ఉంది.

"ఈ కప్పులు ఎవరు వేశారమ్మా?"

"మేమే సారు. చూద్దామన్నరు గద, చూడుండ్రి" అంది దేవమ్మక్క కుంచె ఆపకుండానే.

ఆయన తలెత్తి తాటికమ్మల కప్పును చూశాడు. చివరికి గుమాస్తా వైపు తిరిగి, "మనం ఖాళీ క్వార్టర్లని కదా వచ్చాం. ఇక్కడ సంసారాలున్నాయి. వీళ్లనెవరూ కదపొద్దు. పైవాళ్లతో నేను మాట్లాడతాను" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత పట్టాలు కూడా వచ్చాయి. ఆనాడు గుమాస్తా మా ఎండలో నిలబడి చెమటలు కక్కుతుంటే నా కడుపు నిండింది. అంతలో దేవమ్మక్క పోయి అతనికి చెంబుతో నీళ్లిచ్చింది. ఆ నీళ్ల విషయంలో ఆమెను నేనింకా క్షమించలేదు.

జీపు పోయాక పడుగు చుట్టి, మగ్గానికి ఎక్కించి, గుంటలో కూర్చున్నాను. పోగులను బిగించే మగ్గం పలకను దబదబా కొడుతుంటే అవతలి నుంచి ఎవరో గోడను గుద్దారు.

"ఓ రాజేశం, జర మెల్లగ కొట్టు. నా ఇంట్ల నన్ను పండనియ్యవా?"

నా ఇంట్ల అంది దేవమ్మక్క. ఆ మాట ఆమె అనగా వినడం అదే మొదలు. బతుకులో నా మీద వచ్చిన ఫిర్యాదుల్లో నాకు కోపం తెప్పించనిది అదొక్కటే. కావాలనే ఇంకొంచెం గట్టిగా కొట్టాను. గోడ అవతల ఆమె, ఇవతల రాజవ్వ, ఇద్దరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

దేవమ్మక్క పోయి చాలా కాలమైంది. ఇల్లు లేని వాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఊళ్లో సగంలో ఆగిన కట్టడం ఎక్కడుందో నాకు తెలుసు. నాతో పాటు కచేరీకి వస్తారు, అక్కడ ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు. ఇంటికి పోయేదాకా మాట్లాడొద్దని వాళ్ల అంగీ పట్టి గుంజుతాను. మర్నాడు గొడ్డలి, పార తీసుకుని ఆ కట్టడం దగ్గరికి పోతాం. నాకు జరిగిన అవమానాల్లో ఒక్కదాన్ని కూడా నేను పోగొట్టుకోలేదు. ఇప్పుడు వాటి మీద కప్పులున్నాయి, వాటి కింద మనుషులు వంట చేసుకుంటున్నారు.