తోక తప్పిపోయిన డ్రాగన్

మేం నలుగురం కలిసి ఒకే డ్రాగన్‌గా వెళ్ళాలన్నది మా అమ్మాయి నిర్ణయం. ఐదో తరగతి చదివే ఆ పిల్లకి అమెరికాలో మేముండే రాలీ ఊళ్ళో జరిగే ఫ్యాన్ కన్వెన్షన్ అంటే పుట్టినరోజు కన్నా ఎక్కువ. కామిక్సూ, కార్టూన్లూ, సినిమాలూ అంటే పడిచచ్చేవాళ్ళంతా నచ్చిన వేషాలు వేసుకుని వచ్చే జాతర అది. అంతకుముందు ఏడాది మామూలు బట్టల్లో వెళ్తే, అక్కడ మేమే వింతగా కనబడ్డాం.

"నేను హెడ్. అమ్మ మెడ. నానమ్మ పొట్ట. నాన్న టెయిల్," అని పంచిపెట్టింది పిల్ల.

"నేను తోకా?" అన్నారు మా ఆయన. ఆఫీసులో ఒక టీమంతటికీ ఆయనే తల.

"నువ్వు టాల్ కదా నాన్నా. బెండ్ అయితే లాంగ్‌గా ఉంటది."

ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చి ఉన్న అత్తగారు మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. పైగా తన ఆకుపచ్చ వెంకటగిరి చీర కూడా ఇచ్చారు. "కత్తెర మాత్రం పెట్టకండి. అంచుకి పిన్నులు గుచ్చకండి," అన్నారు. అలా మా డ్రాగన్‌కి పొట్ట దగ్గర జరీ అంచు వచ్చింది. తల అట్టది, మిగతా ఒళ్ళంతా దుప్పట్లు. ముక్కకీ ముక్కకీ మధ్య వెల్క్రో పట్టీలు. అన్నిటికన్నా వెనకాల, నడుం వంచి దుప్పటి కింద నడిచే మా ఆయనకి నేలా, ముందు నడిచేవాళ్ళ మడమలూ తప్ప ఇంకేమీ కనబడవు.

"పర్లేదు. ముందు మా అమ్మే కదా, ఆవిడ తెల్ల షూస్ చూసుకుంటూ వచ్చేస్తా," అన్నారాయన.

లోపల అంతా బాగానే మొదలైంది. దారి ఇచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. ఒక సముద్రపు దొంగ మా అత్తగారిని హగ్ చేసుకోబోతే, చీర నలుగుతుందని అతనికి చెప్పమన్నారావిడ. చెప్పాను. అతను బుద్ధిగా దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఫుడ్ కోర్టు దగ్గర జనం ఒక్కసారిగా మీదపడ్డారు. అటూ ఇటూ ఒత్తుకుని ఎలాగో బయటపడ్డాక, అత్తగారు వెనక్కి తిరిగి చూసి చాలా మామూలుగా అన్నారు: "అమ్మాయ్, తోక లేదు."

మా ఆయనకి ఫోన్ చేశాను. అది నా భుజాన ఉన్న సంచీలోనే మోగింది.

తప్పిపోయిన వస్తువుల డెస్క్ దగ్గరికి వెళ్ళాం. అక్కడ కుందేలు చెవులు పెట్టుకున్న వాలంటీరు ఏం పోయిందని అడిగింది.

"మా టెయిల్," అంది మా అమ్మాయి.

"ఏ కలర్?"

"గ్రీన్. గ్లాసెస్ పెట్టుకుంటాడు."

కుందేలు రాయడం ఆపి నా వైపు చూసింది. నేను వివరించేలోపే హాలంతా స్పీకర్లలో ఒక గొంతు మోగింది. "అమ్మా, నడుం పట్టేసిందే. కాసేపు ఎక్కడన్నా కూర్చుందాం."

"వీడు మైకులో ఎందుకు మాట్లాడుతున్నాడు?" అన్నారు అత్తగారు.

స్టేజీ వైపు పరిగెత్తాం. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ తోపులాటలో వెల్క్రో ఊడిపోయింది. మా ఆయన కంటికి తెల్ల షూస్ దొరికాయి గానీ, అవి వ్యోమగామి వేషం వేసుకున్న ఒక అమ్మాయివి. ఆ అమ్మాయి వేషాల పోటీకి వెళ్తోంది. ఆ అమ్మాయి వెనకే ఈయన స్టేజీ మెట్లెక్కారు. వరసగా నిలబడ్డ ముగ్గురు వ్యోమగాముల వెనక పచ్చటి తోక ఏమిటో అర్థంకాక, పోటీ నడిపేవాడు దాని ముందు మైకు పెట్టాడు. ముందున్న షూస్ ఆగాయి కదా అని ఈయన తన బాధ చెప్పుకున్నారు.

నేను ఆపేలోపే అత్తగారు స్టేజీ ఎక్కి దుప్పటి ఎత్తారు.

"ఒరేయ్, పరాయి పిల్ల వెంట పడ్డావేంట్రా?"

మైకు ఇంకా అక్కడే ఉంది. ఆ హాల్లో ఎక్కడెక్కడ తెలుగువాళ్ళు కూర్చున్నారో నవ్వుల్ని బట్టి తెలిసిపోయింది. మిగతావాళ్ళు ఒక క్షణం ఆగి, మా ఆయన బయటపెట్టిన మొహం చూసి నవ్వారు. మేం తోకని పొట్టకి అతికిస్తుంటే చప్పట్లు కొట్టారు. ఇదంతా ముందే వేసుకున్న నాటకమనుకున్నారు జడ్జీలు. మమ్మల్ని కామెడీ విభాగంలో చేర్చి, పసుపు రిబ్బను కట్టి పంపారు.

రిబ్బను చూసుకుని అత్తగారు మురిసిపోతుంటే, డ్రాగన్ తల లోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"మనం కామెడీ కాదు అమ్మా. మనం స్కేరీ."

అందరం ఆకుపచ్చగానే పార్కింగ్ ఎలివేటర్ ఎక్కాం. అందులో తేనెటీగ వేషంలో ఒక చిన్నపిల్ల, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఉంది. మా అమ్మాయి తల అటు తిరిగిందో లేదో, ఆ పిల్ల ఎలివేటర్ అదిరేలా ఏడుపు అందుకుంది.

మా అమ్మాయి గబుక్కున తల తీసేసింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి గానీ మొహం వెలిగిపోతోంది. "సారీ, సారీ, నేనే," అంటూ కిందికి కూర్చుంది. తేనెటీగ ఏడుపు ఆపి, ఆ అట్ట తలని కాసేపు పరీక్షగా చూసి, మళ్ళీ పెట్టుకోమని వేలు చూపించింది. మా అమ్మాయి పెట్టుకుని గర్జించింది. ఆ పిల్ల కెవ్వుమంది, వెంటనే పకపకా నవ్వింది, మళ్ళీ వేలు చూపించింది.

వాళ్ళ అంతస్తు వచ్చి తలుపులు తెరుచుకున్నా తేనెటీగ దిగనంది.